వడ్లా, బియ్యమా? – ఛాయాచిత్రములను దాచు రెండు పద్ధతులు

మన పాఠశాల పత్రికకు ఛాయాచిత్రములు తెచ్చి యిచ్చు విద్యార్థులు ఈ సంవత్సరము మమ్ము తరచుగా నడిగిన ప్రశ్న యొకటి కలదు. “మాస్టారూ, కెమెరాలో ‘రా’ అని ఒకటి, ‘జేపెగ్’ అని ఒకటి కనబడుతున్నాయి. ఏది పెట్టమంటారు?” దీనికి ఒక్క మాటలో సమాధానము చెప్పుట సులభమే గాని, అట్టి సమాధానము సగమే సత్యమగును. ఏది యెప్పుడు వలయునో తెలియవలెనన్న, కెమెరా లోపల జరుగు పని కొంత తెలియవలెను. మేము తెలుగు చెప్పువారమే గాని యంత్రశాస్త్రము చదివినవారము కాము. ఐనను మా పొరపాటొకటి మమ్ము ఈ విషయమును శ్రద్ధగా నేర్చుకొనునట్లు చేసినది. ముందుగా దానిని చెప్పి, పిదప విషయమునకు వచ్చెదము.

మా మేనమామగారి యింట తాటియాకుల కవిలెకట్ట యొకటి యుండెడిది. పొలముల కొలతలు, శిస్తు లెక్కలు, నడుమ నడుమ ఇంటివైద్యపు చిట్కాలు అందు వ్రాసియుండెను. ఆంధ్రప్రదేశమున ఉపాధ్యాయ శిక్షణ పొందిన దినములలో తాళపత్రములు చదువుట మేము కొంచెము నేర్చియుంటిమి. కనుక 2012 వేసవి సెలవులలో ఒక మిత్రుని కెమెరా యెరువు తెచ్చి, ముప్పదియాకులకు ఫొటోలు తీసితిమి. కార్డులో చోటు చాలదేమోనని చిత్రముల పరిమాణమును, నాణ్యతను అన్నిటికంటె క్రింది మెట్టునకు దించితిమి. అది సాయంకాలము, వసారాలో వెలుతురు చాలలేదు. “ఆకు లెక్కడికి పోవును? మరల తీయవచ్చును” అనుకొంటిమి.

2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుపాను మన గోపాల్‌పూర్ వద్ద తీరము దాటినది. ఆ రాత్రి మేనమామగారి యింటి పెంకులు లేచిపోయినవి. అటుకమీది కట్ట మూడు దినములు నీటిలో నానినది. ఆకులు ఒకదాని కొకటి అంటుకొని, ఎండబెట్టగా పొరలు లేచి, అక్షరములతో కూడ రాలిపోయినవి. మిగిలినవి మా ఫొటోలు. వానిని పెద్దవిగా చేసి చూచినపుడు, ఒక పొలము విస్తీర్ణము వ్రాసినచోట అంకె రెండో మూడో తెలియలేదు. తెలుగు అంకెలలో ఈ రెంటికిని భేదము క్రిందనుండు చిన్న కొక్కెమే గదా! ఆ కొక్కెముండవలసిన చోట బూడిదరంగు గడులు నాలుగు మాత్రము కనబడినవి. చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొన్నట్లు, ఆ పిమ్మటనే ఈ విద్య నేర్చితిమి.

ఇక విషయము. కెమెరా కన్నులోనుండి వచ్చిన వెలుతురు లోపల నొక చిన్న పలకపై పడును. దీనిని సెన్సర్ అందురు. ఇందు అతి సూక్ష్మములైన గడులు వరుసలుగా నుండును. 24 మెగాపిక్సెళ్ల కెమెరా యన్న, అట్టి గడులు 2 కోట్ల 40 లక్షలు గలదని యర్థము. ఒక్కొక్క గడి తనపై పడిన వెలుతు రెంతయో కొలుచును, అంతే. ఆ వెలుతురు ఏ రంగుదో దానికి తెలియదు. అందుచేత ప్రతి గడిపైని ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు రంగులలో నొకదానిని మాత్రము పోనిచ్చు చిన్న రంగుపొర యుండును. ప్రతి నాలుగు గడులలో రెండు ఆకుపచ్చవి, ఒకటి ఎరుపుది, ఒకటి నీలముది. మనుష్యుని కన్ను ఆకుపచ్చ వెలుతురులో సూక్ష్మభేదములను బాగుగా గుర్తించును గనుక దానికి రెండు స్థానము లిచ్చిరి. కొడాక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయర్ అను శాస్త్రవేత్తకు 1976లో ఈ యమరికపై పేటెంటు లభించినది. నేటి కెమెరాలలోను, ఫోనులలోను చాల భాగము ఈ యమరికనో, దీని బిడ్డనో వాడుచున్నవి.

సెన్సర్ కొలిచిన ఈ సంఖ్యలను దాదాపు ఉన్నవి యున్నట్లుగా వ్రాసి దాచిన దస్త్రమే ‘రా’. ఆంగ్లమున ఆ మాటకు ‘పచ్చిది’ అని యర్థము. నిజమునకది యింకను చిత్రము కాదు. చిత్రము కాగల సరుకు. జేపెగ్ పెట్టినచో కెమెరాయే ఆ సరుకును వండి వడ్డించును. ప్రతి గడికిని లేని రెండు రంగులను ఇరుగుపొరుగు గడులను చూచి ఊహించును, తెలుపు ఏది యగునో నిర్ణయించును, వెలుగునీడలను సవరించును, అంచులకు పదును పెట్టును, తుదకు దస్త్రమును చిన్నదిగా కుదించి, సెన్సర్ ఇచ్చిన మూలసంఖ్యలను పారవేయును. ఇదంతయు రెప్పపాటులో ముగియును.

వరిపండించు మన గంజాం జిల్లా పిల్లలకు దీనిని వేరుగా చెప్పనక్కరలేదు. రా యనునది వడ్లు. జేపెగ్ యనునది బియ్యము. వడ్లు గాదెలో ఎక్కువ చోటు తీసికొనును, దంచుకొననిదే వంటకు రావు. కాని ఆ వడ్లనుండియే పచ్చిబియ్యము చేసికొనవచ్చును, ఉప్పుడు బియ్యము చేసికొనవచ్చును, అటుకులు కొట్టుకొనవచ్చును, పేలాలు వేయించుకొనవచ్చును. కావలెనన్న విత్తుకొననువచ్చును. బియ్యము వెంటనే వంటకు వచ్చును, చోటు తక్కువ పట్టును; కాని బియ్యమునుండి మరల వడ్లు రావు.

ఈ పోలికలోని భేదమును సంఖ్యలలో చూతము. జేపెగ్ చిత్రమున ఒక్కొక్క రంగునకు చీకటినుండి వెలుగువరకు 256 మెట్లు మాత్ర ముండును. రా దస్త్రమున కెమెరానుబట్టి 4,096 గాని 16,384 గాని మెట్లుండును. పురుషోత్తమపురము దగ్గరి తారాతారిణి కొండకు 999 మెట్లు కలవని మనమెరుగుదుము. అంత యెత్తునకును పదునారే మెట్లు కట్టిరనుకొనుడు, ముసలివారెట్లు ఎక్కగలరు? జేపెగ్‌లోని ఒక్కొక్క మెట్టునకు బదులు, 16,384 మెట్లు గల రాలో 64 చిన్న మెట్లున్నవి. చక్కని వెలుతురులో తీసిన బొమ్మకు 256 మెట్లు చాలును, కంటికి లోపము తోచదు. చిక్కంతయు చీకటిలో వచ్చును. నల్లబడిన తాటియాకు, దానిపై మసి పూసిన అక్షరము, పైని సాయంకాలపు మసకవెలుతురు: ఇవన్నియు మొత్తము యెత్తులో ఇరువదవ వంతులోనే ఇమిడినవనుకొందము. అప్పుడు జేపెగ్‌నకు దక్కునవి పండ్రెండో పదమూడో మెట్లు; రాకు దక్కునవి ఎనిమిది వందలు. జేపెగ్ నీడలకు కొంచె మెక్కువ మెట్లు కేటాయించును గనుకను, చీకటిలో సెన్సర్ కొలతయే కొంత తడబడును గనుకను, ఇది స్థూలమైన లెక్కయే. ఐనను ఆకును, అక్షరమును వేరుచేసి చూపగల శక్తి దేనికి ఎక్కువయో దీనివలన తెలియగలదు.

ఇక జేపెగ్ కుదించు విధమును చెప్పవలసియున్నది. కుదింపు రెండు తెరగులు. మన పూర్వుల చిట్టాలలో ఒకే పేరు పదిమారులు వచ్చినచో మొదట నొకసారి పూర్తిగా వ్రాసి, క్రింద ‘సదరు’, ‘సదరు’ అని వ్రాసెడివారు. చోటు కలిసివచ్చును, పోయినదేమియు లేదు. ఇది నష్టము లేని కుదింపు. మరియొక తెరగు, పెద్ద యుపన్యాసమును విని సారాంశమును మాత్రము వ్రాసికొనుట. ఇందు కొంత శాశ్వతముగా పోవును. జేపెగ్ ప్రధానముగా ఈ రెండవ జాతిది.

ఇది చిత్రమును ఎనిమిదింట ఎనిమిది, అనగా 64 చుక్కల పలకలుగా కోయును. ప్రతి పలకలోను మొత్తముమీద వెలుతురెంత, మెల్లగా మారునది యెంత, చటుక్కున మారునది యెంత అని విడదీయును. ఇట్లు విడదీయు గణితమును 1974లో ప్రకటించిన మువ్వురును భారతదేశమునుండి వెళ్లినవారే: బెంగుళూరున జన్మించిన నసీర్ అహ్మద్, టి. నటరాజన్, మరియు కామిశెట్టి రామమోహనరావు. చివరి పేరు మన యిండ్లలో వినబడునట్టి పేరగుట మన పిల్లలు గమనింపదగినది. వారి గణితముపై అంతర్జాతీయ నిపుణుల సంఘమొకటి కట్టిన ప్రమాణము 1992లో వెలువడినది; ఆ సంఘము పేరులోని తొలి అక్షరములే జేపెగ్. మనుష్యుని కన్ను మెల్లని మార్పులను బాగుగా చూచును, చటుక్కున మారు సూక్ష్మములను అంతగా పట్టించుకొనదు. కనుక జేపెగ్ ఆ సూక్ష్మములను మోటుగా గుండ్రము చేసి, చాల వానిని సున్నగా లెక్కించును. ఆకాశమునకు, ముఖమునకు, సముద్రమునకు ఇది మంచి యుపాయము. 24 మెగాపిక్సెళ్ల పూర్తి రంగుచిత్రము కుదింపక దాచినచో 72 మెగాబైట్లగును. జేపెగ్ దానిని 8 మెగాబైట్లకు, అనగా తొమ్మిదవ వంతునకు దింపినను మన కంటికి భేదము తోపకపోవచ్చును.

కాని అక్షర మనునది ఏమి? తెల్లని దానిపై చటుక్కున వచ్చిన నల్లని గీత. జేపెగ్ దేనిని ముందు పారవేయునో అదియే అక్షరమునకు ప్రాణము. అందువలననే మిక్కిలి కుదించిన చిత్రములలో అక్షరముల చుట్టును దోమలు ముసిరినట్లు నలుసులు కనబడును. ప-కారమునకును వ-కారమునకును భేదము తలకట్టు అతుకుటలోనే యున్న మన లిపిలో ఈ నష్టము చిన్నది కాదు. మా కవిలెలోని కొక్కెము ఇట్లే పోయినది.

మరియొక సంగతి కూడ తెలిసియుండవలెను. జేపెగ్ దస్త్రమును ఉన్నదున్నట్లు వేరొకచోటికి నకలు చేసినచో నష్టములేదు. కాని తెరచి, కొంత మార్చి, మరల భద్రపరచిన ప్రతిసారియు మరల కుదింపు జరుగును. ప్రతికి ప్రతి, ఆ ప్రతికి ప్రతి వ్రాయు లేఖకులవలన మన ప్రబంధములలో పాఠభేదములు పెరిగినట్లే, చిత్రమున గూడ మార్పులు పేరుకొనును. వాట్సాప్‌లో ఫొటోను మామూలుగా పంపినప్పుడు అది చిత్రమును చిన్నదిగా చేసి మరల కుదించును. ‘డాక్యుమెంట్’ అను మార్గమున పంపినచో చిత్రము మారదు. పెద్దల పత్రములను బంధువులకు పంపు తల్లిదండ్రులు ఈ చిన్న భేదమును గుర్తుంచుకొనవలెనని మా ప్రార్థన.

మూలమునకు దగ్గరగా నకలు తీయవలెనన్న పట్టుదల నేటి కెమెరాలతో పుట్టినది కాదు. మన జిల్లాలోనే, ఋషికుల్యా తీరమున జౌగడ వద్ద, అశోకుని శాసనములు చెక్కిన బండ యున్నది. 1850లో వాల్టర్ ఎలియట్ దానికి నకలు తీసెను. శాసనమునకు నకలు రెండు విధములుగా తీయవచ్చును. ఒకటి, కంటితో చూచి చేతితో వ్రాసికొనుట. ఇందు వ్రాయువాని కర్థమైనదే దిగును. అతడు గీతను పగులనుకొన్నచో గీత పోవును, పగులును గీత యనుకొన్నచో లేని యక్షరము పుట్టును. రెండవది, తడిపిన కాగితమును రాతిపై పరచి, బ్రష్షుతో కొట్టి గుంటలలోనికి దించి, సిరా యద్ది ముద్ర తీయుట. ఈ ముద్ర అందముగా నుండదు; పగులు, గంటు, అక్షరము అన్నియు కలిసి దిగును. కాని తీర్పు చెప్పు పనిని అది తరువాతి పండితునకు విడిచిపెట్టును. కెమెరా మన పక్షమున తీర్పు చెప్పి యిచ్చినది జేపెగ్. తీర్పు మనకే విడిచినది రా. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి ముఖలింగము శాసనములను స్వయంకృషితో చదువ నేర్చిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారివంటి వారు రేపు మరల మనలో పుట్టవచ్చును. వారికి మనమిచ్చు నకలు ఎట్టిదై యుండవలెనో యోచింపుడు.

ఐనచో అన్నివేళల రాయే మేలా? కాదు. దాని దోషములను దాచుట న్యాయము కాదు. 24 మెగాపిక్సెళ్ల రా దస్త్రము సాధారణముగా 25 నుండి 30 మెగాబైట్లుండును. 32 గిగాబైట్ల కార్డులో జేపెగ్‌లు సుమారు 4,000 పట్టుచోట రా చిత్రములు సుమారు 1,000 మాత్రమే పట్టును. రాను తెరచుటకు ప్రత్యేకమైన ప్రోగ్రాము కావలెను. ఒక్కొక్క చిత్రమును కూర్చుండి సవరింపవలెను. ఒక్కొక్క కంపెనీ తన తన ముద్రతో రా దస్త్రమును వ్రాయును. ఏబది సంవత్సరముల పిదప దానిని చదువు యంత్రముండునా యను శంక కలదు. ఈ శంకను తగ్గించుటకే అడోబీ సంస్థ 2004లో డీఎన్‌జీ యను రూపమును, దాని వ్రాత నియమములతో సహా, అందరికి బహిరంగముగా ప్రకటించినది. ఇప్పటి ఫోనులలో చాల వానియందు ‘ప్రో’ అమరికలో రా తీసినచో వచ్చునది ఈ డీఎన్‌జీయే. అన్నిటికంటె ముఖ్యముగా, రా యనునది మంత్రము కాదు. చేయి వణికి చెదిరిన చిత్రమును, దృష్టి కుదరక మసకబారిన చిత్రమును రా సరిచేయజాలదు.

కనుక పనినిబట్టి ఎంచుకొనవలెను. మన పాఠశాల ఆటలపోటీలు, బరంపురము ఠాకురాణి యాత్రలో పులివేషములు: ఇట్టివాని యందు వెంటవెంటనే పదులకొలది తీయవలెను. రా పెట్టినచో కెమెరా వ్రాసికొనుటకు నడుమ ఆగిపోవును. ఆ లోపల పులి వీధిమలుపు తిరిగిపోవును. అక్కడ మంచి నాణ్యతగల జేపెగ్ మేలు. పత్రికలో అచ్చునకు, ఇంట చూచుకొనుటకు అదియే చాలును. పెండ్లిలో మన బరంపురము పట్టుచీర రంగు సరిగా రావలెనన్న రా ఉపకరించును. రంగురంగుల దీపముల క్రింద ఏది తెలుపో కెమెరా పొరబడును. మెరూన్ చీర గోధుమరంగుగా దిగును. రాలో ఆ తీర్పును తరువాత, నష్టము లేకుండ, మార్చుకొనవచ్చును. జేపెగ్‌లో కొంతవరకే సాధ్యము. మరల తీయుటకు వీలులేనివి, కాలముచే మాయుచున్నవి, అక్షరములు మసకబారినవి – వీనికి రాను, జేపెగ్‌ను రెంటిని ఒకేసారి తీయవలెను. చాల కెమెరాలలో ఈ రెండును కలిపి తీయు అమరిక కలదు. జేపెగ్ నేడు చూచుకొనుటకు; రా రేపటి చదువరికి.

పాతపత్రములకు ఫొటో తీయు విద్యార్థులకు మరికొన్ని మాటలు. పగటివేళ కిటికీప్రక్క తీయుడు, ఫ్లాష్ వేయకుడు. పత్రమునకు కెమెరా సరిగా ఎదురుగా నుండవలెను. ప్రక్కన నొక స్కేలును, తెల్లకాగితపు ముక్కను ఉంచుడు; ఒకటి కొలత చెప్పును, మరియొకటి తెలుపేదో చెప్పును. మసి పోయి గంటపు గీతలు మాత్రము మిగిలిన ఆకునకు ఒక ప్రక్కనుండి వాలుగా వెలుతురు పడనిచ్చినచో గీతలు తేలివచ్చును. ఆకులను తడుపకుడు, మీయంతట మీరు నూనె పూయకుడు. రా లేని ఫోనైనను నిరాశపడవలదు; పరిమాణమును, నాణ్యతను పైమెట్టున నుంచి, మంచి వెలుతురులో తీసిన జేపెగ్, చీకటిలో తీసిన రాకంటె మేలు కావచ్చును. మా 2012 నాటి తప్పు జేపెగ్ వాడుట ఒక్కటే కాదు. వెలుతురు లేనివేళ, అతిచిన్న పరిమాణమున, నిర్లక్ష్యముగా తీయుట. తీసిన వానిని ఒక్కచోటనే యుంచక, కంప్యూటరులో నొకటి, వేరొక డిస్కులో నొకటి, వేరొక యింట నొకటిగా మూడు ప్రతులు దాచవలెను. పత్రము ఎవరియింటిది, ఏ యూరిది, ఎప్పుడు తీసినది – ఇది తెలుగున వ్రాసి దానితో నుంచవలెను.

తల్లిదండ్రులకు ఒక మనవి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్ర మేర్పడినప్పుడు బరంపురమును, మన పల్లెలును ఈ రాష్ట్రమున చేరినవి. నాటికి ముందు మన పెద్దలు తెలుగున వ్రాసికొన్న దస్తావేజులు, ఉత్తరములు, శుభలేఖలు, కవిలెలు ఇంకను కొన్ని యిండ్ల అటుకలపై నున్నవి. ఇంటి పిల్లలు ఒడియా, ఆంగ్లము చదివి మంచి యుద్యోగములలో నున్నారు, అది సంతోషమే. కాని ఆ కట్టను విప్పి చదువగలవా రింట లేనందున, చెత్తయని తలచి పారవేసిన సందర్భములు మేమెరుగుదుము. చదువుట నేడు రాకున్నను, చక్కగా తీసి దాచిన చిత్రము చదువగలవాడు వచ్చువరకు వేచియుండగలదు. కుదించి చెడిన చిత్రము ఎవరు వచ్చినను మాటాడదు.

మా మేనమామగారి పొలము విస్తీర్ణము రెండో మూడో ఇకమీదట ఎవరును చెప్పలేరు. ఈ వేసవిలో మన విద్యార్థులు తమ తమ యిండ్ల అటుకలు వెదకి, దొరకిన తెలుగు పత్రములకు ఇక్కడ చెప్పిన రీతిని చిత్రములు తీసి తెచ్చినచో, వానిని చదివి వివరము వ్రాసియిచ్చు పని మాది. తుపానులు తిథి చూచుకొని రావు. దీపముండగనే యిల్లు చక్కబెట్టుకొందము.